మాచిపత్రి కషాయమును, మఱచిపోని కలయును

రాత్రి పండుకొనబోవునపుడు మూలికల కషాయము ఒక గిన్నెడు త్రాగినచో, ఆ రాత్రి వచ్చిన కలలు తెల్లవాఱిన పిదప చెదరిపోక జ్ఞప్తియందు నిలుచునను విశ్వాసము భూమండలమున పెక్కుతావుల, పెక్కు రూపములతో వ్యాపించియున్నది. మెక్సికో దేశమున వహాకా ప్రాంతపు చొంతాల్ జనులు కాలియా అను నొక చేదాకును కాచి త్రాగి, స్వప్నమున గానవచ్చిన సందేశము కొఱకు నిరీక్షింతురు; దక్షిణాఫ్రికాలో ఖోసా జాతి వైద్యులు సైలీని అను మొక్క వేరును నూఱి నీటిలో చిలికి, పైకి లేచిన నురుగును మ్రింగుదురు; ఐరోపా, అమెరికా ఖండములలో నిందులకు ప్రసిద్ధికెక్కినది మగ్‌వర్ట్ అను నాకు. దానిని టీవలె కాచి త్రాగుటయే గాక, దిండులో కూరి తలక్రింద నుంచుకొనుటయు నచటి వాడుక. ఈ మగ్‌వర్ట్ సముద్రముల కావల మాత్రమే మొలచు అపూర్వవస్తువని తలపవలదు. వృక్షశాస్త్రమున దానికి ఆర్టెమీసియా వల్గారిస్ అని పేరు. వినాయక చవితినాడు 21 పత్రులలో మొట్టమొదట స్వామికి సమర్పించు మాచిపత్రి యా ప్రజాతిలోనిదే. దక్షిణభారతపు కొండలలో పెరుగు మాచిపత్రిని కొందఱు శాస్త్రజ్ఞులు ఆర్టెమీసియా నీలగిరికా అని వేఱు జాతిగా పరిగణింతురు గాని, పూర్వము అదియు వల్గారిస్‌లో నొక భేదముగానే గ్రంథముల కెక్కియుండెను.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములలో పూలంగళ్ళ యొద్ద నిలిచి చూచువారికి ఈ యాకును వేఱుగా పరిచయము చేయ నక్కఱలేదు. చేమంతుల నడుమ, కనకాంబరముల నడుమ, పచ్చదనము కొఱకును పరిమళము కొఱకును మరువము, దవనము, మాచిపత్రి చేర్చి దండ కట్టుట మన యాచారము. ఆ దవనము కూడ నొక ఆర్టెమీసియాయే. మాచిపత్రి రెమ్మ నొకదానిని చేతికి తీసికొని పరీక్షించినచో, ఆకు పైభాగము ముదురుపచ్చగా, చీలికలు చీలికలుగా నుండును. త్రిప్పి చూచినచో అడుగుభాగమంతయు బూడిదవన్నె నూగుతో కప్పబడియుండును. వ్రేళ్ళ నడుమ నలిపినచో కర్పూరపు ఛాయగల ఘాటైన వాసన వచ్చును. ఈ గుర్తులు తెలిసియుండుట యవసరము. ఏలయన బీడుభూములలోను, బాటల ప్రక్కలను విచ్చలవిడిగా వ్యాపించిన వయ్యారిభామ యను కలుపుమొక్క యాకు పైపైన చూచువారికి మాచిపత్రివలెనే తోచును. దాని కీ బూడిదవన్నె నూగు లేదు, ఈ సువాసనయు లేదు, దానిని ముట్టినంతనే కొందఱి చర్మము దద్దురులెక్కును. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. చవితి పండుగకు కట్టలుగా నమ్ము పత్రిలో ఉమ్మెత్తాకు, గన్నేరాకు, జిల్లేడాకు కూడ చేరియుండవచ్చును. ఆ మూడును పూజకు తగినవేగాని పానమునకు తగినవి కావు. గన్నేరులోని విషము గుండె నాపగలదు. ఉమ్మెత్త మనుష్యుని మతిభ్రమకు లోనుచేయును, ఆ భ్రమను కలయని యెవ్వరును పొరబడరాదు. పూజానంతరము మిగిలిన పత్రినుండి ఆకులేఱి కాచుకొనుట యెట్టివారికిని కూడని పని.

మాచిపత్రి కషాయము మిక్కిలి చేదు. దాని తైలమున కర్పూరము, సినియోల్, థూజోన్ మొదలగు పదార్థములున్నవి. వీనిలో థూజోన్ మితిమీఱినచో నాడీమండలము నుద్రేకింపజేసి మూర్ఛలు కలిగింపగలదు. ఋతుసంబంధమైన బాధలకు పలుదేశముల నాటువైద్యమున దీనిని వాడుట గలదు. ఆ కారణముచేతనే గర్భిణులు దీనిజోలికి పోరాదు. ఇక స్వప్నముల మాట. ఈ యాకు కలలను వృద్ధిపఱచునని గాని, వానిని జ్ఞప్తియందు నిలుపునని గాని చెప్పుటకు తగిన గట్టి ప్రయోగసాక్ష్యము లేదు. ఉన్నదంతయు వాడినవారి మాటయే. పైన చెప్పిన మూలికలలో అట్టి పరీక్షకు గుఱియైనది కాలియా యొక్కటి. 1986లో మెక్సికో శాస్త్రజ్ఞులు కొలదిమంది ఆరోగ్యవంతులకు దాని సారము నిచ్చి, నిద్రించుచుండగా వారి మస్తిష్కపు విద్యుత్తరంగములను నమోదుచేసి చూచిరి. కాలియా సేవించినవారు పైపై నిద్రయందు హెచ్చుకాలము గడపిరి, తమంతట తాము పలుమాఱులు మేల్కొనిరి, కలలను గూర్చి యితరులకంటె నెక్కువగా చెప్పిరి. ఇందులో నడిమి సంగతిని పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. ఆ మూలిక చేసిన పని కలలను పుట్టించుట కాకపోవచ్చును, నిద్రను పలుతావుల తెంచుట మాత్రమే కావచ్చును. నే నీ వ్యాసమున చెప్పదలచిన దిదియే: కల వచ్చుట వేఱు, వచ్చిన కల మిగులుట వేఱు; మిగులుట యనునది మనము నిద్రించిన తీరుకంటె మేల్కొన్న తీరుపై నెక్కువగా నాధారపడియున్నది.

1953లో చికాగో విశ్వవిద్యాలయమున యూజీన్ అసెరిన్‌స్కీ అను విద్యార్థియు, నతానియల్ క్లైట్‌మన్ అను నతని ఆచార్యుడును నిద్రించువారి కనురెప్పల క్రింద కనుగ్రుడ్లు కొంతసేపు అతిత్వరితముగా అటునిటు కదలుటను, ఆ సమయమున లేపినచో వారు కలలను వర్ణించుటను లోకమునకు వెల్లడించిరి. శాస్త్రజ్ఞులు దీనిని రెమ్ నిద్ర యని వ్యవహరింతురు. నాలుగేండ్ల పిదప, 1957లో, విలియమ్ డిమెంట్ క్లైట్‌మన్‌తో కలిసి ప్రకటించిన లెక్క నేటికిని ప్రమాణముగా నున్నది: రెమ్ నిద్రనుండి 191 మాఱులు లేపగా 152 మాఱులు కల జ్ఞప్తియందుండెను; తక్కిన దశలనుండి 160 మాఱులు లేపగా 11 మాఱులు మాత్రమే యుండెను. రెమ్ కాని నిద్రలోను కలలు వచ్చునని తరువాతి పరిశోధకులు చూపినను, చిత్రముల నిండుదనమున, కథాగమనమున రెమ్ నిద్రయే యగ్రస్థానమున నున్నది. నిద్ర యించుమించు 90 నిమిషముల కొకమాఱు ఆవృత్తమగుచుండును. తొలి యావృత్తములలో గాఢనిద్ర హెచ్చుగా, రెమ్ నిద్ర కొలది నిమిషములుగా నుండి, రాత్రి గడచినకొలది గాఢనిద్ర తఱిగిపోయి, తెల్లవాఱుజాము దగ్గఱపడునప్పటికి రెమ్ నిద్ర అరగంట వఱకు సాగవచ్చును. కనుక మన కలలలో నధికభాగము రాత్రి కడపటి మూడవవంతులో కూడియున్నది. వేకువకుముందే టమాటా గంపలను మదనపల్లె మార్కెట్టుకు చేర్చవలసిన రైతును, పాలు పితుకుటకు చీకటితో లేచు ఇల్లాలును తాము కలలు గననేలేదని చెప్పుదురన్న ఆశ్చర్యపడ నక్కఱలేదు. వారు కోల్పోవునది మొత్తము నిద్రలో నొక గంటయే యైనను, ఆ గంట కలల గంట.

ఐనచో ప్రతిరాత్రియు గంటన్నరకు పైగా స్వప్నలోకమున విహరించి వచ్చిన మనిషికి తెల్లవాఱి ముఖము కడుగుకొనునప్పటికి ఒక్క దృశ్యమైనను మిగులకుండుటకు కారణమేమి? కారణము లొకటికంటె నెక్కువగా నున్నవి. మెలకువలో జరిగిన సంఘటనను జ్ఞాపకముగా ముద్రించుటకు మస్తిష్కమునకు నోరెడ్రినలిన్ అను రసాయనము తోడ్పడును. ఆ రసాయనమును పంపిణీచేయు నీలకేంద్రము రెమ్ నిద్రలో పూర్తిగా మౌనము వహించును. కాబట్టి కల యెంత స్ఫుటముగా నున్నను దానిని వ్రాసికొను చేయి యప్పుడు పనిచేయుట లేదు. 2019లో జపాను శాస్త్రజ్ఞు లింకొక విశేషమును చూపిరి. ఎలుకల మస్తిష్కమున, హైపోథలామస్ అను భాగములో, ఎం.సి.హెచ్. అను ద్రవ్యమును స్రవించు కణములు కొన్ని రెమ్ నిద్రలో చురుకుగా పనిచేయుచుండును. ఆ సమయమున వాని నణచివేసినచో ఎలుకలు తాము నేర్చినదానిని మఱింత బాగుగా జ్ఞప్తియందుంచుకొన్నవి. అనగా మఱపు కేవలము లోపము కాదు, నిద్ర బుద్ధిపూర్వకముగా చేయించు పని వంటిదియు కావచ్చును. కలకును మెలకువకును నడుమ నున్న సన్నని సంధికాలమున, మస్తిష్కము జాగ్రదవస్థలోనికి వచ్చి, కల యింకను కరిగిపోక మునుపే దానిని పట్టుకొన్నచో మాత్రమే అది జ్ఞాపకమగును. ఆ సంధి తప్పినచో కల పోయినట్లే.

ఫ్రాన్సు దేశమున లియాన్ నగరమునందు పెరీన్ రూబీ బృందమువారు ఈ సంగతినే మఱియొక త్రోవన పరిశీలించిరి. కలలు తఱచుగా జ్ఞప్తికుండువారిని, ఎప్పుడో గాని జ్ఞప్తికుండనివారిని వేఱువేఱుగా నెన్నుకొని రాత్రియంతయు వారి నిద్రను కొలిచి 2014లో ప్రకటించిరి. మొదటివారు రాత్రి నడుమ మేల్కొనియున్న కాలము మొత్తము సగటున 30 నిమిషములు. రెండవవారిది అందులో సుమారు సగము. ఆ మెలకువలు చాలవఱకు తెల్లవాఱిన పిదప మనకు గుర్తైనను ఉండనంత చిన్నవి. కల జ్ఞప్తికుండువారు తక్కినవారికంటె నెక్కువ కలలు గన్నవారు కాకపోవచ్చును, కలయొద్ద మఱికొంతసేపు మేల్కొన్నవారు.

ఇచ్చట మన పూర్వుల పరిశీలనను స్మరింపక ముందునకు పోజాలను. తెల్లవాఱుజామున వచ్చిన కల నిజమగునని మన యిండ్లలో పెద్దలు చెప్పుదురు. చరకసంహిత ఇంద్రియస్థానమున స్వప్నములను చూచినది, విన్నది, అనుభవించినది, కోరినది, కల్పించినది, భావిని సూచించునది, దోషములచే గలిగినది అని ఏడు తెగలుగా విభజించి, అందులో మొదటి యైదింటికిని ఫలము లేదని తేల్చినది. రాత్రి మొదటిభాగమున వచ్చిన కలకు ఫలము స్వల్పమనియు, ఏ కలను గని తిరిగి నిద్రింపమో యా కలకు ఫలము మహత్తరమనియు చెప్పినది. ఫలమను మాటను ప్రక్కకు దీసి, ఆ స్థానమున స్మృతి యను మాట నుంచి చదివినచో, చికాగోలో గ్రాఫుకాగితములపై తేలిన విషయమే యిది. రాత్రి తొలిభాగపు కల గాఢనిద్రలో మునిగి నశించును. కని వెంటనే లేచిన కల నిలుచును. నిలిచిన కలను గూర్చియే మనిషి ఆలోచించును, పొరుగువారికి చెప్పును, తరువాత జరిగినదానితో పోల్చి చూచును. మఱచిపోయిన వేయి కలలు లెక్కకు రావు. వేకువకలకు గల ఖ్యాతి యంతయు ఈ యెన్నికనుండి పుట్టినదని నా నమ్మకము. అందువలన చరకుని పరిశీలనకు నా దృష్టిలో గౌరవము హెచ్చినదేగాని తగ్గలేదు.

ఈ వెలుగులో పడకవేళ కషాయమును మరల చూతము. కషాయమన నొక మూలికయు, దానికి పలురెట్లు నీరును. రాత్రి 10 గంటలకు ఒక పెద్ద గ్లాసుడు నీరు, దానిలో ఏ యాకు కాగియున్నను సరే, త్రాగి పండుకొన్నవాడు మూడు నాలుగు గంటల వేళకో, వేకువజామునకో మూత్రవిసర్జనకై లేవవలసి వచ్చుట సామాన్యము. రెమ్ నిద్ర హెచ్చుగా నుండు సమయమును సరిగా నదియే. అట్లు లేచినవానికి అప్పటి కల యింకను తడియారక కనులముందు నిలుచును; ఉదయమున అతడు, ఆకు మహిమవలన కల జ్ఞప్తికి వచ్చినదని చెప్పును. చేదును గూడ తోసివేయరాదు. నాలుకపై నిలుచు చేదు, ఈ రాత్రి కలను పట్టుకొనవలెనను సంకల్పమును మనస్సున నాటుటకు తోడ్పడును. కలలను గూర్చి శ్రద్ధ వహించినవారికి అవి హెచ్చుగా జ్ఞప్తికుండునని స్వప్నపరిశోధకులు పెక్కుమంది యంగీకరించుచున్నారు. ఇందువలన కషాయము వ్యర్థమని నా తాత్పర్యము కాదు. అది పనిచేయుననుటకు చాలినంత కారణ మున్నది; ఆ కారణము ఆకులోనే యున్నదా యనునదే విచార్యము.

నిజముగా నొక పదార్థము స్వప్నస్మృతిని పెంచుననుటకు నేడు మనకు లభించు సాక్ష్యములలో చెప్పుకోదగినది విటమిన్ బి6కు సంబంధించినది. మదనపల్లెవారికి దీని పేరు క్రొత్త కాదు. మదనపల్లె సమీపమున ఆరోగ్యవరమను చోట 1915లో యూనియన్ మిషన్ క్షయ శానిటోరియము వెలసినది. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రీమట్-మోలర్ దానికి నాయకుడై, మందులేని యా రోజులలో విశ్రాంతి, స్వచ్ఛవాయువు, పుష్టికరాహారము అను మూడింటితో క్షయరోగులను సాకెను. భారతదేశమున బి.సి.జి. టీకా మొదట ప్రారంభమైనది 1948లో ఈ మదనపల్లెయందే. 1950 మొదలు చుట్టుపట్ల పల్లెలలో జరిగిన క్షయ సర్వే ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రకటితమై దేశదేశముల వైద్యులకు పాఠ్యమైనది. 1952లో ఐసోనియజిడ్ అను మందు వచ్చి క్షయచికిత్స రూపునే మార్చివేసినది. కాని యా మందు శరీరములోని బి6 విటమిన్‌ను పట్టుకొని వెలికి తోసివేయును; తత్ఫలితముగా రోగులకు అరికాళ్ళ తిమ్మిరులు, మంటలు కలుగును. అందువలననే వైద్యులు ఐసోనియజిడ్‌తోపాటు 10 మొదలు 25 మిల్లీగ్రాముల వఱకు పిరిడాక్సిన్, అనగా బి6, బిళ్ళగా నిత్తురు. క్షయచికిత్స తీసికొన్నవా రుండిన యిండ్లలో ఆ చిన్నబిళ్ళ యందఱును చూచినదే.

ఈ బి6 మస్తిష్కమున సెరొటోనిన్, డోపమిన్, గాబా మొదలగు వార్తాహరద్రవ్యములు తయారగుటకు అత్యవసరము. 2002లో న్యూయార్కున మాథ్యూ ఎబెన్ బృందమువారు 12 మంది కళాశాల విద్యార్థులకు పడకకు ముందు దీని నిచ్చి, వారి కలల స్ఫుటత్వము హెచ్చినదని ప్రకటించిరి. పండ్రెండుగురి సాక్ష్యము చాలదు గనుక, 2018లో ఆస్ట్రేలియాయందలి అడిలైడ్ విశ్వవిద్యాలయమున డెన్‌హోమ్ ఆస్పీ, అతని సహచరులు 100 మందిపై మరల పరీక్షించిరి. అయిదురోజులు వరుసగా, ఎవరికి మందో ఎవరికి వట్టిబిళ్ళయో వారికే తెలియకుండ, 240 మిల్లీగ్రాముల బి6 ఇచ్చిరి. బి6 తీసికొన్నవారికి జ్ఞప్తియందుండిన స్వప్నభాగము హెచ్చినది. కాని కల రంగులలో, స్ఫుటత్వములో, విడ్డూరములో మార్పేమియు గానరాలేదు. కల మాఱలేదు, స్మృతి మాఱినది. రెండింటికిని గల భేదము ఇంతకంటె స్పష్టముగా తెలియు తార్కాణము నాకు దొరకలేదు. బి గుంపు విటమినుల నన్నింటిని కలిపి తీసికొన్న మఱియొక జట్టువారికి మాత్రము నిద్ర చెడినది, మేల్కొన్నపుడు అలసట పెరిగినది.

ఇది చదివి యెవ్వరును మందులంగడికి పోవలదు. మన కొకరోజునకు వలయు బి6 సుమారు 2 మిల్లీగ్రాములు. శనగలు, అరటిపండ్లు, బంగాళదుంపలు తినువారికి అది యాహారమునందే చేరును. 240 మిల్లీగ్రాములనగా దానికి నూఱురెట్లకు మించిన మోతాదు. దీర్ఘకాలము హెచ్చు మోతాదున బి6 సేవించినవారికి నరములు చెడి, కాళ్ళు మొద్దుబారి నడక తడబడిన సంగతులు 1983లోనే వైద్యపత్రికల కెక్కినవి. తక్కువైనను ఎక్కువైనను హాని చేయునది నరములకే యగుట యీ విటమిన్ విషయమున చూడదగిన వింత. క్షయరోగు లెవ్వరును కలలకొఱకై తమ బిళ్ళల లెక్కను తమంతట తాము మార్చుకొనరాదని వేఱుగా చెప్పవలయునా?

తక్కిన పానీయములను గూర్చి చెప్పవలసినది స్వల్పము. చామొమైల్ పూల టీ మనస్సునకు శాంతినిచ్చునందురు, స్వప్నస్మృతిపై దాని ప్రభావ మేమియు రుజువు కాలేదు; అదియు మాచిపత్రియు చేమంతి కుటుంబమువే గనుక ఆ పుప్పొడి పడనివారికి రెండును పడవు. పడకవేళ వెచ్చని పాలు త్రాగుట మన యలవాటు. పాలమనేరు పశుపరిశోధనా కేంద్రమున సంరక్షింపబడుచున్న పుంగనూరు పొట్టియావు పాలలో వెన్న 8 శాతము వఱకు నుండునను ఖ్యాతి గలదు. పాలలోని ట్రిప్టోఫాన్ నిద్ర తెచ్చునను మాటయు విందుము. కాని ట్రిప్టోఫాన్‌తోపాటు పాలలో నున్న తక్కిన అమైనో ఆమ్లములు మస్తిష్కద్వారమున దానితో పోటీపడును గనుక ఒక గ్లాసు పాలవలన కలుగు ఫలము బహుస్వల్పము. కడుపునిండిన తృప్తియు, అలవాటును నిద్ర తెచ్చునని చెప్పుట మేలు. స్నోడ్రాప్ అను విదేశీయ పూలమొక్కలో కనబడు గాలంటమీన్ రెమ్ నిద్రలో ప్రబలముగా నుండు ఎసిటైల్‌కోలిన్‌ను నిలిపియుంచును. 2018లో 121 మందిపై జరిగిన పరీక్షలో, రాత్రి నడుమ లేచి దానిని సేవించి మరల నిద్రించినవారికి, ఇది కలయని తెలిసియే కనుచున్న కలలు హెచ్చినవి. అది మఱపురోగమునకు వైద్యు లిచ్చు మందు, ఇంట వాడదగినది కాదు. ఉమ్మెత్త చేయునది దీనికి సరిగా విరుద్ధము: ఎసిటైల్‌కోలిన్ త్రోవను మూసివేయును, అందువలన కలుగు ప్రలాపమునుండి తేరుకొన్నవానికి చాలమాఱు జరిగిన దేదియు జ్ఞప్తికుండదు. ఇక మామూలు టీపొడి కలిపిన మూలికల టీ పడకవేళకు తగదు. కెఫీన్ సగము శరీరమును వీడుటకే అయిదు గంటలు పట్టును.

కలను పట్టుకొను విద్యకు సంబంధించిన ప్రసిద్ధోదాహరణ యొకటి మదనపల్లెలో పుట్టినవానిదే. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, 1909లో తండ్రితో అడయారు చేరిన కొలదికాలమునకే థియొసాఫికల్ సమాజపు నాయకుడైన లెడ్‌బీటర్ కంటబడెను. ఈ లెడ్‌బీటర్ అప్పటికే స్వప్నములను గూర్చి యొక గ్రంథము వ్రాసియున్నవాడు. బాలుడు నిద్రించుచుండగా సూక్ష్మశరీరమున గురువునొద్దకు పోయి ఉపదేశము పొందుచున్నాడనియు, మఱునాటి ఉదయమున లేచి తనకు జ్ఞప్తియున్నదానిని వ్రాయుచున్నాడనియు సమాజమువారు ప్రకటించిరి. ఆ వ్రాతలు 1910లో ‘ఎట్ ది ఫీట్ ఆఫ్ ది మాస్టర్’ అను పుస్తకముగా ఆల్సియొనీ అను పేరున వెలువడినవి. ఆ వ్రాతలో బాలుని పాలెంత, పెద్దల పాలెంత యను వివాదము నాటినుండియు కలదు. సూక్ష్మశరీరయానమును గూర్చి విజ్ఞానశాస్త్రము చెప్పగలది లేదు. ఐనను పద్ధతిని మాత్రము గమనింపుడు: రాత్రియే ఉదయము వ్రాయవలెనను నిశ్చయము, లేచినంతనే యితరవ్యాపారములకు మునుపు వ్రాత, ప్రతిదినమును తప్పనిసరి యభ్యాసము. నేటి స్వప్నపరిశోధనశాలలలో మొదట నేర్పునది యిదియే. చిత్రమేమన, పెద్దవాడైన కృష్ణమూర్తి బోధించినది దీనికి దూరమైన మాట. కలలన్నవి పగటి మనోవ్యాపారమునకే కొనసాగింపనియు, పగలంతయు మెలకువతో తన్ను తాను గమనించుకొన్నవానికి వాని యవసర ముండదనియు ఆయన పలుమాఱులు చెప్పెను. ఆయన స్థాపించిన ఋషివ్యాలీ విద్యాలయమున సాయంసమయమున విద్యార్థులు మౌనముగా కూర్చుండి సూర్యాస్తమయమును చూచు ‘అస్తాచలము’ అను ఆచారము నేటికిని కలదు. కలలను గూర్చి ఆయన తీర్మానముతో నే నేకీభవింపను. రెమ్ నిద్ర యెంతటి సావధానునకైనను వచ్చి తీరును. కాని పగటి కొడిగట్టిన తలపుల నొక్కింత తీర్చుకొని పడకకు చేరుట నిద్రకు మేలుచేయుననుటలో సందేహము లేదు.

కలలు జ్ఞప్తియందుంచుకొనగోరువారు చేయదగినది యింతే. రాత్రి తగినంత ముందుగా పండుకొని, వేకువ నిద్రను కోసివేయకుండవలెను. కషాయము కావలెనన్నచో, చెంచాడు ధనియములను నలుగగొట్టి గ్లాసున్నర నీటిలో వేసి ఒక గ్లాసగు వఱకు కాచి వడగట్టుకొనవచ్చును, తులసియు మేలే. మెలకువ వచ్చినపుడు కదలరాదు, కనులు తెఱువరాదు, ఏ ప్రక్కకు తిరిగి పండుకొనియుంటిమో ఆ ప్రక్కనే యుండి, కడపటి దృశ్యమును పట్టుకొని దానినుండి వెనుకకు పోవలెను. అప్పుడు దిండుక్రింది పుస్తకమున నాలుగు మాటలు వ్రాసికొన్నచో చాలును, వాక్యములు తరువాత చేర్చుకొనవచ్చును. దీపము వెలిగించి చేతిఫోను చూచినవానికి ఆ కల దక్కదు. నిద్రలో కేకలువేసి, కలలో చేయు పనిని చేతులతో కాళ్ళతో నిజముగా చేయువారును, ఒకే భయంకరస్వప్నము మాటిమాటికి వచ్చువారును కషాయములతో కాలము గడపక నిద్రావైద్యుని చూడవలెను.

మాచిపత్రికి స్వప్నస్మృతిని పెంచు శక్తి నిజముగా కలదా యను ప్రశ్న యట్లే నిలిచియున్నది. దానిని తేల్చుటకు పెద్ద పరిశోధనశాల యక్కఱలేదు. అనీబిసెంట్ 1915లో మదనపల్లెలో స్థాపించిన కళాశాల యున్నది, కుప్పమున 1997నుండి ద్రావిడ విశ్వవిద్యాలయ మున్నది, నడుమ పుంగనూరు నున్నది. ఈ మూడు పట్టణములలో ఇష్టపడి ముందుకు వచ్చినవారిని, వైద్యుల పర్యవేక్షణమున, నాలుగు జట్లుగా విభజింపవలెను. మొదటి జట్టునకు గ్లాసుడు నీటిలో మాచిపత్రి స్వల్పమోతాదున కాచి యీయవలెను. రెండవదానికి అదే మోతాదును రెండు చెంచాల నీటిలో మాత్రమే యీయవలెను. మూడవదానికి గ్లాసుడు వట్టి వేడినీరు. నాల్గవదానికి పుస్తకము తప్ప మఱేమియు లేదు. అన్ని జట్లకును వ్రాయు పుస్తకము, నిద్రవేళలు సమానముగా నుండవలెను. మొదటి రెండు జట్లు తక్కిన రెండింటిని మించినచో ఘనత యాకుది. మొదటిదియు మూడవదియు మించినచో నీటిది. నాలుగును సమముగా పెరిగినచో పుస్తకముది. గర్భిణులను, పాలిచ్చు తల్లులను, మూర్ఛరోగులను, చేమంతి పుప్పొడి పడనివారిని, క్షయచికిత్సలో నున్నవారిని ఇందు చేర్చుకొనరాదు; మాచిపత్రి రెమ్మలను, వయ్యారిభామ కలియకుండ, వృక్షశాస్త్ర మెఱిగినవారు అడుగుభాగపు నూగును చూచి యేఱి ఈయవలెను.